ఎలీయాజరు మాస్టారి చేపలు

కైకలూరు వెళ్ళే రోడ్డు మీద బస్సు దిగి, చేపల చెరువుల గట్ల మధ్యనుంచి కొల్లేటి వైపు నడిస్తే మొదట వచ్చే ఊళ్ళో ఎలీయాజరు మాస్టారు ఉంటారు. మాస్టారంటే బడి పంతులు కాదు. బడిలో చెప్పింది ఆయన భార్య మార్తమ్మ గారు. ఈయన తాడేపల్లిగూడెంలో ఓ మేడ మీద గది అద్దెకు తీసుకుని, నాలుగు కంప్యూటర్లు పెట్టి, బేసిక్ నేర్పారు. కంప్యూటరున్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్ళిన రోజులవి. ఆ రోజులు పోయి, పిల్లలు చెప్పులతోనే లోపలికి రావడం మొదలుపెట్టి, ఆ తర్వాత అసలు రావడమే మానేశాక, మాస్టారు బోర్డు దించేసి, మిగిలిన ఒక్క కంప్యూటర్నీ ఆటోలో వేసుకుని సొంతూరు వచ్చేశారు.

బేసిక్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ కథ నడవదు. భయపడకండి, రెండే. అది కంప్యూటర్‌తో మాట్లాడే పాతకాలపు భాష. అందులో మనం చెప్పే ప్రతి మాటకీ ముందు ఒక నంబరుండాలి: పది, ఇరవై, ముప్ఫై అని. మధ్యలో ఏదైనా మరిచిపోతే దూర్చడానికి చోటుండాలని పదేసి చొప్పున వదులుతారు. కంప్యూటరు ఆ నంబర్ల వరసలో ఒక్కో లైనూ చదువుకుంటూ చెప్పిన పని చేసుకుపోతుంది. మనం తప్పు చెబితే తప్పే చేస్తుంది. "మీ అల్లుడిలాగా సొంత తెలివి వాడదండీ" అనేవారు మాస్టారు, ఎదుటివాళ్ళకి అల్లుడున్నా లేకపోయినా.

ప్రోగ్రాంలో తప్పు పట్టుకోవడంలో మాత్రం ఆయనది అందెవేసిన చెయ్యి. ఆయన దగ్గర చదివినవాళ్ళకి బేసిక్ అంతా మరుపుకొచ్చినా ఆ పద్ధతులు గుర్తున్నాయి. తప్పు ఎవరిదని అడక్కండి, ఎక్కడ మొదలైందో అడగండి. ఒకేసారి రెండు చోట్ల చెయ్యి పెట్టకండి, బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలీదు. లేచే ముందు సేవ్ చెయ్యండి. అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇంకొకటుంది: ప్రోగ్రాం బాగుందో లేదో తేలాలంటే, రాసినవాడు ఏది మరిచిపోయి ఉంటాడో అది అడిగి చూడండి. ఈ మాటలు ఆయన కాఫీ చల్లారినా అనేవారు, కరెంటు పోయినా అనేవారు. మార్తమ్మ గారు పెళ్ళైన దగ్గర్నుంచీ వంటింట్లోంచి అన్నీ వింటూనే ఉన్నారు. ఈయన ఆవిడ మాటలు ఎన్ని విన్నారో అడక్కండి, కథ చివరికొస్తే మీకే తెలుస్తుంది.

ఆ కంప్యూటరు ఇప్పుడు చర్చిలో, హార్మోనియం పక్కన బల్ల మీద ఉంది. డిసెంబరొస్తే చర్చి ముందు గోడ మీద లైట్ల బోర్డు కడతారు. అందులో ఒక నక్షత్రం, ఒక పడవ, ఒక వల, ఐదు చేపలు. ప్రింటరుకి పోవాల్సిన తీగని మాస్టారు లైట్ల పెట్టెకి కలిపారు. బేసిక్ ప్రోగ్రాం ఎలా చెబితే అలా లైట్లు వెలిగి ఆరుతాయి. ముందు చేపలు వలకి దొరక్కుండా పారిపోతాయి, పడవ ఖాళీగా ఊగుతుంది. అప్పుడు నక్షత్రం వెలిగి, చేపలన్నీ ఒక్కొక్కటే వలలోకి వస్తాయి. క్రిస్మస్‌కి పశువుల పాక కట్టాలి గానీ చేపలేమిటని పక్క ఊరి పాస్టరు గారు ఒకసారి అడిగితే, "మా ఊళ్ళో పశువులేవండీ, అన్నీ చెరువులేగా" అన్నారు మాస్టారు. ఊరంతా చేపల రైతులే కనక ఆ బోర్డంటే అందరికీ ప్రాణం. వలలోకొచ్చేది శీలావతి అని ఒకరూ, కాదు బొచ్చె అని ఒకరూ ప్రతి ఏడూ తగువు పడతారు. తోక చూస్తే అది రెండూ కాదు, ఆ సంగతి మాస్టారితో ఎవరూ అనలేదు.

ఈ ఏడు బోర్డు వెలిగించిన కొన్నాళ్ళకే ఒక సాయంత్రం చేపలు పారిపోయాయి. పడవ ఊగింది. నక్షత్రం వెలిగింది. చేపలు రాలేదు. ఆట మళ్ళీ మొదటికొచ్చింది, చేపలు మళ్ళీ పారిపోయాయి. ఖాళీ వల మిణుకు మిణుకుమంటుంటే చర్చి ముందు నిలబడ్డ జనం ముక్కున వేలేసుకున్నారు.

అందరికంటే ముందు గొంతెత్తింది చర్చి సంఘ పెద్ద విశ్వాసం గారు. ఊరికి దక్షిణాన ఉన్న పెద్ద చెరువు ఆయనది.

"ఏంటండీ మాస్టారూ ఇదీ! వచ్చే నెల్లో నా చెరువులో చేపలు పట్టించాలండి. రోజూ సాయంత్రం ఇటెళ్తా వస్తా ఈ ఖాళీ వల చూడాలా అండి నేను?"

"ప్రోగ్రాంలో ఎక్కడో చిన్న తప్పుందండి. చూస్తానండి."

"ఇన్నేళ్ళబట్టీ లేని తప్పు ఇప్పుడెక్కణ్ణించొచ్చిందండీ? ముసలిదైపోయిందండి అది. కైకలూర్లో మీ శిష్యుడు అబ్బాయిరాజు రెడీమేడ్ సెట్టు పెడతానంటన్నాడు. రంగురంగుల ఎల్‌ఈడీలంట. ఏనుగు కూడా ఉందంట."

"క్రిస్మస్‌కి ఏనుగెందుకండీ?"

"చేపలెందుకో ఏనుగూ అందుకేనండి."

 ఆఖరికి తేలిందేమిటంటే, ఆదివారం సెమీ క్రిస్మస్, అసలు పండక్కి ముందే జరుపుకునే వేడుక. చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి. ఆ సాయంత్రానికి చేపలు వలలోకి వస్తే సరే సరి. రాకపోతే సోమవారం పొద్దున్న కంప్యూటరు పాత సామాన్ల బండెక్కుతుంది, గోడ మీదికి ఏనుగెక్కుతుంది.

 తాడేపల్లిగూడెంలో బోర్డు దించేసిన తర్వాత మాస్టారి చేతిలో మిగిలిన పని అదొక్కటే. ఏడాది పొడుగునా ఆయన అరుగు మీద పేపరు చదువుకునే ముసలాయన. డిసెంబరులో మాత్రం ఊరు ఊరంతా "మాస్టారూ, వల బావుందండీ" అని ఆగి పలకరిస్తుంది. అదీ పోతే ఎలాగని ఆయనకి దిగులు. ఆ దిగులు ఎవరితోనూ చెప్పుకోలేక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని మార్తమ్మ గారితో చెప్పుకున్నారు, పులుసు కలపకుండా.

"తప్పుంటే అదే చెబుతుందన్నారు కదండీ మీరు?" అన్నారావిడ.

"అది ఏమీ అనట్లేదే!"

"ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని కూడా అన్నారు."

"నేనెప్పుడన్నాను?"

"మొన్న నేనడిగినప్పుడండి. మీరు పేపరు చూస్తన్నారు లెండి."

మాస్టారు ఆ మాటా వినిపించుకోలేదు. ఆయన బుర్రంతా చేపల వెనకాల తిరుగుతోంది.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టారు. ముందుగా ప్రోగ్రాం మొదట్లో ఒక లైనూ, చివర్లో ఒక లైనూ కొత్తగా పెట్టారు, అక్కడికి రాగానే "వచ్చాను" అని తెర మీద రాయమని. కంప్యూటరు బుద్ధిగా మొదటికీ వచ్చానంది, చివరికీ వచ్చానంది. మధ్యలో చేపల్ని ఏం చేసిందో మాత్రం చెప్పలేదు. "ఇలా కాదు, మనుషులు కావాలి" అన్నారు మాస్టారు. గూడెంలో ఏ ప్రోగ్రాం లొంగకపోయినా ఆయన చేసేది అదే, మనుషుల్నే కంప్యూటరు చేసి ఆడించడం.

చర్చి ఆవరణలో ఎనిమిది కుర్చీలు వేయించారు. ఒక్కో మనిషి ఒక్కో లైటు. "వెలుగు" అంటే లేవాలి, "ఆరు" అంటే కూర్చోవాలి. విశ్వాసం గారు నక్షత్రమైతేనే ఉంటానన్నారు. పడవ ఈ ఊరి పాస్టరు గారు, ఆయన దేనికీ కాదనలేరు. వల జాయ్సీ. చర్చిలో పాటలు పాడే క్వయరులో అందరికంటే మంచి గొంతు ఆవిడదే, ఆ సంగతి ఆవిడే చెబుతుంది. మిగిలిన ఐదు కుర్చీల్లో క్వయరు ఆడవాళ్ళు ఐదు చేపలు. క్వయరుని నడిపే మార్తమ్మ గారు రెండో చేప.

మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో లైనూ చెప్పుకుపోయారు. చేపలు లేచాయి, కూర్చున్నాయి. పడవ లేచి మొహమాటంగా ఊగింది. నక్షత్రం కండువా సర్దుకుని మరీ లేచింది. "మూడొందల నలభై, చేపలు వలలోకి!" అనగానే ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు లేచి జాయ్సీ చుట్టూ చేరారు. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

"మనుషులం బానే చేస్తన్నామండి," అన్నారు విశ్వాసం గారు. "మిషనే చెయ్యట్లేదు. అదే కదండీ మేం మొదట్నించీ చెప్పేది."

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. లైన్లన్నీ ఆయన జ్ఞాపకంలోంచి చెబుతున్నారు! తను రాశాననుకున్నది కాదు, మిషన్లో ఉన్నది చదవాలని కొన్ని వందల మంది పిల్లలకి చెప్పిన మనిషి. అటూ ఇటూ చూసి, చర్చి కాపలా చూసే తోమాని పిలిచారు.

"తోమా, నువ్వు లోపలికెళ్ళి తెర మీదున్నది ఉన్నట్టు చదువు. కిటికీలోంచి గట్టిగా చదువు. నీ తెలివి కలపొద్దు."

"నాకది లేదు కదండీ, ఏం కలుపుతాను," అంటూ తోమా వెళ్ళి చదవడం మొదలుపెట్టాడు. మళ్ళీ చేపలు లేచాయి, కూర్చున్నాయి. పడవ ఊగింది, నక్షత్రం లేచింది. "మూడొందల ముప్ఫయ్యండి... మూడొందల యాభయ్యండి..."

"ఆగాగు. నలభై ఏదీ?"

"లేదండి."

"సరిగ్గా చూడవయ్యా!"

"ముప్ఫై పక్కనే యాభై కూర్చునుందండి. మధ్యలో చీమ దూరే సందు లేదండి."

ఐదు చేపలూ కుర్చీల్లోనే ఉండిపోయి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చేపల్ని వలలోకి పిలిచే లైనే లేకపోతే అవి ఎందుకొస్తాయి? మాస్టారు లోపలికి పరిగెత్తి ఆ లైను మళ్ళీ రాసి, సేవ్ చేసి, బయటికొచ్చి చేతులు దులుపుకున్నారు. ఆడించి చూస్తే చేపలు వచ్చాయి. విశ్వాసం గారు కూడా "ఊఁ" అన్నారు.

ఆ సంబరం ఎంతసేపు? సాయంత్రం బోర్డు వెలిగించేసరికి నక్షత్రం రాలేదు. చూస్తే రెండొందల అరవయ్యో లైను లేదు. మర్నాడు పొద్దున అది రాస్తే, సాయంత్రానికి పడవ లైను పోయింది. తప్పుగా రాసింది దిద్దుకోవచ్చు. ఒప్పుగా రాసింది పొద్దున ఉండి సాయంత్రానికి మాయమైపోతుంటే ఏం చేస్తాం? మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. తోమా అయితే ఎలకలు తింటున్నాయని తేల్చేశాడు.

"ఎలకలు తీగలు తింటాయి గానీ లైన్లు ఎలా తింటాయయ్యా?"

"అయ్యేం తింటాయో మనకేం తెలుసండీ," అని కంప్యూటరు పక్కన బోను పెట్టి, అందులో ఎండుచేప కట్టాడు. చర్చంతా కంపు తప్ప ఫలితం లేదు.

అప్పుడు మాస్టారి మనసులోకి ఒక పాడు ఆలోచన వచ్చింది. లైన్లు పోతే లాభం ఎవరికి? ఏనుగు అమ్మేవాడికి. శనివారం పొద్దున్నే చొక్కా మార్చుకుని కైకలూరు బస్సెక్కేశారు. దారంతా అబ్బాయిరాజుని ఏమని కడిగెయ్యాలో మాటలు కూర్చుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ దాటి, చేపల మేత కొట్ల వరసలో అబ్బాయిరాజు లైట్ల దుకాణం ఉంది. మాస్టార్ని చూడగానే అతను గబుక్కున లేచి, కాలికున్న చెప్పులు విడిచేశాడు. కూర్చిన మాటలన్నీ మాస్టారికి పనికిరాకుండా పోయాయి.

"నా ప్రోగ్రాంలో లైన్లు పోతున్నాయి రాజూ," అన్నారు, టీ గ్లాసు అందుకుంటూ. "నువ్వేమైనా..."

"అయ్యో మాస్టారూ, నాకు బేసిక్‌లో ఒక్క లైను గుర్తులేదండి. చెరపడానికైనా వచ్చుండాలి కదండీ!" అబ్బాయిరాజు నొచ్చుకోలేదు, నవ్వాడు. "ఎవరు చేశారని అడక్కండి, ఎక్కడ మొదలైందో అడగండి అనేవారు కదండీ మీరు. పొద్దున్న ఉంటాది, సాయంత్రానికి ఉండదు అంటన్నారు. మరి మజ్జాన్నం చూశారా అండి?"

మాస్టారు టీ సగంలో వదిలేసి బస్సెక్కారు. తన పాఠం తనకే చెప్పించుకున్నందుకు సిగ్గేసింది గానీ, సంతోషంగానూ ఉంది.

ఊరు చేరి చర్చికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. రాత్రి తిరిగి రాసిన పడవ లైనుతో సహా లైన్లన్నీ ఉన్నాయి. అంటే పోయేది ఇప్పటికీ సాయంత్రానికీ మధ్యన. ఆ మధ్యలో చర్చిలో జరిగేది ఒక్కటే, క్వయరు ప్రాక్టీసు. దానికి మాస్టారు ఏనాడూ వెళ్ళలేదు. ఒకప్పుడు ఆయన కూడా గొంతు కలిపితే జాయ్సీ చెవులు మూసుకుంది, అప్పట్నుంచీ ఆయన ఆ వేళకి బయటే. ఈసారి మాత్రం వెనకాల స్తంభం చాటున బెంచీ మీద, దొంగని పట్టుకోవడానికి కూర్చున్నారు.

ఆడవాళ్ళొచ్చారు. ఇదివరకు ఆ రోజు పాడే పాటల నంబర్లు పెట్టడానికి గోడకి ఒక చెక్క పలక ఉండేది. దాన్ని చెదలు తినేశాయి. దాని బదులు తెర మీద నంబరు కొట్టడానికి మార్తమ్మ గారు తిన్నగా వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నారు.

"రెండొందల పదమూడు పాడదామండీ," అంది జాయ్సీ. అందులో ఆవిడ ఒక్కతే పాడే చరణాలున్నాయి.

మార్తమ్మ గారు ఒక్క వేలితో రెండు, ఒకటి, మూడు కొట్టి ఎంటర్ నొక్కారు. అలాంటి లైను నంబరు లేదని తెర మీద ఇంగ్లీషులో పడింది.

"చూశావా, వద్దంటోందమ్మా. రెండొందల డెబ్భై చూద్దాం." కొట్టారు. తెర కిమ్మనలేదు. "ఆఁ, ఒప్పుకుంది. పాడండి!"

స్తంభం చాటున మాస్టారికి అంతా అర్థమైంది. బేసిక్‌లో ఒట్టి నంబరు కొట్టి ఎంటర్ నొక్కడమంటే ఆ లైను తీసెయ్యమని చెప్పడం. ఆ లైను లేకపోతే లేదని గొణుగుతుంది. ఉంటే చప్పుడు చెయ్యకుండా తీసేస్తుంది. పాటల పుస్తకంలోని పాటలకీ నంబర్లే, ఆయన లైన్లకీ నంబర్లే! మిషను ఒప్పుకున్న ప్రతి పాటకీ ఒక లైను పోతోంది. ఆయన చూస్తుండగానే ఇంకో రెండు పాటలకి ఒప్పుకుంది. ప్రాక్టీసు అయ్యాక మార్తమ్మ గారు, లేచే ముందు సేవ్ చెయ్యాలి కదా, మొగుడు నేర్పినట్టు శ్రద్ధగా సేవ్ కూడా చేశారు.

ఆయన గబుక్కున లేవబోయారు. లేచి ఏమనేవారో గానీ, అప్పుడే ఒకావిడ మాట వినిపించింది.

"ఈ మిషన్ని అడగడం మొదలెట్టాక మనకి తగువుల్లేవండి. ముందైతే ఒక్కో పాటకీ ఎంత గొడవండీ బాబూ!"

"మా ఆయన పెట్టింది కదమ్మా," అన్నారు మార్తమ్మ గారు. "తప్పుంటే చెబుతుంది, లేకపోతే ఒప్పుకున్నట్టేనని ఆయనే చెప్పారు. ఆయన పెట్టిందేదీ తప్పు చెప్పదు."

ఆవిడ గొంతులో అంత గర్వం ఆయన ఎప్పుడూ వినలేదు. మాస్టారు మళ్ళీ కూర్చుండిపోయారు. పేపరు వెనకాలనుంచి తను ఏం వాగారో ఇప్పుడు గుర్తొచ్చింది.

బయట మెట్ల దగ్గర విశ్వాసం గారు పట్టుకున్నారు. "దొరికిందా అండి దొంగ?"

"దొరికిందండి."

"ఎవరండీ?"

మార్తమ్మ గారు లోపల పాటల పుస్తకాలు సర్దుతూ వింటున్నారు. "నేనేనండి," అన్నారు మాస్టారు. "నంబర్లు పెట్టడంలో పొరపాటు చేశాను."

"నేనదే అనుకున్నానండి," అన్నారు విశ్వాసం గారు తృప్తిగా.

అబద్ధమేమీ ఆడలేదాయన. దిద్దుకోవడం కూడా ఎంతసేపు? పోయిన లైన్లు రాసి, నంబర్లన్నీ మార్చెయ్యమని ఒక్క మాట చెబితే ప్రోగ్రాం మొత్తం వెయ్యో నంబరునుంచి మొదలైంది. పాటల పుస్తకం అంతదూరం రాదు. కానీ ఇంకో చిక్కు మిగిలింది. ఇప్పుడు ఏ పాట కొట్టినా మిషను లేదనే అంటుంది. రేపు ఊళ్ళవాళ్ళందరి ముందూ మార్తమ్మకి ఒక్క పాటకీ ఒప్పుకోదు.

దానికీ ఉపాయముంది. బేసిక్‌లో రెమ్ అని ఒక మాట ఉంది. ముందు రెమ్ రాసిన లైన్ని కంప్యూటరు పట్టించుకోదు, అది మనుషులు చదువుకోవడానికి. మార్తమ్మ కొట్టబోయే పాటల నంబర్లకి ఒక్కో రెమ్ లైను పెడితే చాలు, ఆవిడ కొట్టగానే చప్పుడు లేకుండా పోతాయి, ఒప్పుకున్నట్టే ఉంటుంది, చేపలు భద్రం. మాస్టారు ఉత్సాహంగా కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు మీటల మీద పెట్టి, అలాగే ఉండిపోయారు. మార్తమ్మకి ఏ పాటలంటే ఇష్టం? ఒక్కటీ తెలీదు. ఇంట్లో పొద్దస్తమానం పాడుతూనే ఉంటుంది. ఈయన విన్నదెప్పుడు గనక!

ఆ సాయంత్రమూ, ఆదివారం పొద్దున్నా మాస్టారు పాటల పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలో తచ్చాడారు. ఆవిడ చేప తోముతూ ఏదో పాడటం, ఈయన ఆ మాటలు పట్టుకుని నంబరు వెతుక్కోవడం.

"ఏంటండీ, ఇక్కడ?"

"ఊరికే."

"పాటల పుస్తకమెందుకండీ?"

"ఊరికేనే."

"తలకిందులుగా పట్టుకున్నారు."

తిప్పి పట్టుకున్నారు. ఆవిడ మాటలు వదిలేసి ఒట్టి రాగం తీస్తే ఆయనకి దిక్కు తోచదు. చివరికి ఉండబట్టలేక, "మార్తా, కాస్త మాటలు కూడా పాడు," అనేశారు. మార్తమ్మ గారు గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, జ్వరమేమోనని ఆయన నుదురు మీద చెయ్యి వేసి చూశారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఆవిణ్ణి పాడమనడం అదే మొదలు మరి.

ఆదివారం పొద్దుగూకేవేళకి ఆవరణంతా జనం. ఎక్కడెక్కడి సంఘాలవాళ్ళూ వచ్చారు. మాస్టారు మీట నొక్కి బయటికొచ్చి నిలబడ్డారు.  చేపలు పారిపోయాయి. పడవ ఊగింది. నక్షత్రం వెలిగింది. విశ్వాసం గారు ముందుకి జరిగారు. ఒక చేప వచ్చింది, ఇంకోటి వచ్చింది...

"ఐదూ వచ్చాయండోయ్!" అని అరిచారు విశ్వాసం గారు, తన చెరువులోనే పడినట్టు. "ఏనుగూ వద్దు గీనుగూ వద్దు! మన చేపలే ఉంటాయండి."

"బొచ్చెలండీ అయ్యి!" అన్నారెవరో. "శీలావతులండీ!" అన్నారింకొకరు. మాస్టారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. కంప్యూటరు ఇక ఎక్కడికీ పోదు.

లైట్లు భోజనాల వేళకి మళ్ళీ వేద్దామని ఆపేసి, అందరూ లోపలికి చేరారు. మార్తమ్మ గారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. మొదటి పాట కొట్టారు, మిషను కిమ్మనలేదు. రెండోదానికీ అనలేదు. జాయ్సీ బతిమాలితే రెండొందల పదమూడు కొట్టారు, దానికీ అనలేదు. మాస్టారు శాంతి కోసం అదీ పెట్టారు. "ఒప్పుకుందండీ!" అని జాయ్సీ పరవశించిపోయి, ఉన్న చరణాలు చాలవన్నట్టు పాడింది.

ఆఖరి పాట.  మార్తమ్మ గారు వెనక్కి తిరిగి, స్తంభం పక్కన నిలబడ్డ మాస్టార్ని ఒక చూపు చూసి, రెండు, ఎనిమిది, ఏడు కొట్టి ఎంటర్ నొక్కారు.

అలాంటి లైను నంబరు లేదంది మిషను.

"ఇది వద్దంటోందండీ, వేరేది చూద్దాం," అంది జాయ్సీ. మార్తమ్మ గారు మళ్ళీ మాస్టారి వైపు తిరిగారు.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

మాస్టారు వెళ్ళి పక్కన నిలబడ్డారు. ఆవిడ నెమ్మదిగానే మాట్లాడారు, కానీ ముందున్న మైకు ఆపడం ఎవరికీ గుర్తులేదు.

"నిన్నట్నించీ దీనికి నా పాటలు నేర్పుతున్నారని తెలుసండి. ప్రోగ్రాం బాగుందో లేదో తేలాలంటే రాసినవాడు ఏది మరిచిపోయి ఉంటాడో అది అడగమన్నారు కదండీ. అడిగాను. ఇది మన పెళ్ళిలో పాడిన పాటండి."

వచ్చిన సంఘాలన్నీ ఒక్కసారిగా గొల్లున నవ్వాయి. "దొరికిపోయారండీ మాస్టారూ!" అని విశ్వాసం గారు వెనకనుంచి కేకేశారు.  మాస్టారు వంగి, ఆవిడ భుజం మీదుగా చేతులు చాపి, 287 కొట్టి, పక్కన రెమ్ కొట్టి, దాని పక్కన మార్త అని ఇంగ్లీషులో కొట్టి, ఎంటర్ నొక్కారు.

"ఇప్పుడు ఒప్పుకుంటుందా?" అని ఆవిడ నంబరు కొట్టబోయారు.

మాస్టారు ఆ చెయ్యి పట్టుకున్నారు. "కొట్టకు మార్తా. కొడితే పోతుంది."

"కొడితే పోతుందా?" మార్తమ్మ గారు తెరని చూశారు, ఆయన్ని చూశారు. కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే ఏవండీ... ఇన్నాళ్ళూ ఆ చేపలు..."

"ఇంటికెళ్ళాక చెబుతాను. పాడు."

ఆవిడ అందుకున్నారు. రెండో చరణంలో మాస్టారు కూడా గొంతు కలిపారు. జాయ్సీ చెవులు మూసుకుంది. మాస్టారు శ్రుతి తప్పుతూనే ఉన్నారు, మార్తమ్మ గారు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.